మూస నిలువుగా ఆడిన శుక్రవారం

హైదరాబాదుకూ విజయవాడకూ మధ్య బస్సులో తిరిగేవాళ్లకు సూర్యాపేట అంటే దిగి టీ తాగి మళ్లీ ఎక్కే ఊరు. కోదాడ అంటే కిటికీలోంచి కనిపించే బోర్డు. మిర్యాలగూడ అయితే అదీ కాదు, బియ్యం బస్తా మీద చదివే పేరు. ఏడాది కిందటిదాకా నేనూ ఆ బాపతే. ఈ మూడు ఊళ్లూ నాలుగు రోజుల్లో తిరిగి వచ్చినప్పటి నుంచీ మా విశాఖలో కనిపించిన ప్రతివాళ్లకూ ఆ సంగతులే చెబుతున్నాను. చెప్పించుకునేవాళ్లు అయిపోయారు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

నేను వెళ్లింది ఊళ్లు చూడటానికి కాదు, నా పరువు కాపాడుకోవడానికి. ఒక చిన్న ఆఫీసులో యంత్రాల డ్రాయింగులు గీస్తుంటాను. ఇరవై రెండేళ్లుగా గీసినవన్నీ ఇంకొకరి ఆలోచనలే. పూర్తిగా నాది అని చెప్పుకోదగ్గది ఒక్కటే ఉంది, అది సూర్యాపేట శివార్లలో పాత ఇనుము కరిగించి దిమ్మెలు పోసే చిన్న ఫ్యాక్టరీలో బిగించి ఉంది.

అదేమిటో రెండు ముక్కల్లో చెబుతాను. కరిగిన ఉక్కును అడుగు లేని రాగి మూసలో పైనుంచి పోస్తూ ఉంటారు. మూస చుట్టూ నీళ్లు పారుతుంటాయి కనుక ఉక్కుకు పైన తోలు కడుతుంది, లోపల ఇంకా ద్రవమే. కింద నుంచి మెల్లగా లాగుతుంటే ఎర్రటి దిమ్మె ఆగకుండా దిగుతుంది, జంతికల గొట్టంలోంచి పిండి దిగినట్టే. చిక్కల్లా ఆ తోలు మూసకు అంటుకుపోవడం. అంటుకోకుండా మూసను క్షణం ఆగకుండా పైకీ కిందకీ ఆడిస్తారు, అదీ అరంగుళం లోపే. ఆ ఆట నిలువుగా ఉండాలి. కొంచెం పక్కకు ఊగినా తోలు చిరిగి లోపలి ఉక్కు బయటికి తన్నుకొస్తుంది.

మూసను పక్కకు పోనివ్వకుండా పట్టుకునే దాన్ని గైడు అంటారు. పాత గైడుల్లో ఉక్కు చక్రాలుంటాయి, అవి అరుగుతాయి. నేను చక్రాలు తీసేసి, చదునైన ఉక్కు పట్టీలను కట్టలు కట్టి పెట్టాను. పట్టీ పైకీ కిందకీ వంగుతుంది, పక్కకు వంగదు, అరిగేది ఏమీ లేదు. కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది. బిగించిన పది రోజుల్లోనే అక్కడ రెండుసార్లు ఉక్కు తన్నుకొచ్చింది. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. ఫ్యాక్టరీ యజమాని ఫోన్ చేసి మర్యాదగానే చెప్పారు, శుక్రవారం ఇంకొక్క పోత చూస్తామని, అదీ చెడితే పట్టీలు పీకేసి పాత చక్రాలే పెట్టుకుంటామని. పీకిన పట్టీలు ఎక్కడికి పోతాయో నాకు తెలుసు. పాత ఇనుము కుప్పలో కలిసి, కరిగి, అదే మూసలోంచి దిమ్మెలుగా దిగుతాయి.

మంగళవారం, సూర్యాపేట

విజయవాడ దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. సూర్యాపేటలో దిగగానే అందరిలాగే టీ తాగాను. పది రూపాయలు. మా విశాఖ టీ కంటే చక్కెర రెట్టింపు, గ్లాసు సగం. ఇరవై రూపాయలకు నాలుగు మిర్చిబజ్జీలు కాగితంలో పెట్టి, పైన ఉల్లిపాయ ముక్కలు చల్లి, నిమ్మకాయ పిండి ఇచ్చాడు. మాకు బజ్జీ కోసి కారప్పొడి కూరితే గానీ తృప్తి ఉండదు. ఇక్కడ మిరపకాయే ఆ పని చేసేస్తుంది. కళ్లనీళ్లు తుడుచుకుంటూ ఆటో ఎక్కాను.

ఫ్యాక్టరీలో పోత చూసుకునేది లింగయ్య గారు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, మెడలో తువ్వాలు, మాట పొదుపు. నన్ను చూసి "ఆడమనిషిని పంపిండ్రా" అంటారేమో అని జవాబు తయారుచేసుకుని వెళ్లాను. అలాంటిదేమీ అనకుండా కుర్చీ వేయించి, మంచినీళ్లు తెప్పించి, ఉక్కు లేకుండా ఖాళీ మూసను ఆడించి చూపించారు. నేను డయల్ గేజి పెట్టి చూశాను. పక్క ఊగుడును పట్టి ముల్లుతో చూపించే చిన్న పరికరం అది. మొదటి పది నిమిషాలు ముల్లు కదల్లేదు. నా ఛాతీ కొంచెం పొంగింది. అరగంటకు ముల్లు వణకడం మొదలైంది, గంటకు మూస తాగినవాడిలా పక్కకు తూలుతోంది.

బోల్టులన్నీ బిగుతుగానే ఉన్నాయి. కొలతలన్నీ నా డ్రాయింగు ప్రకారమే ఉన్నాయి. ఇక తప్పు ఉంటే కట్టల లోపలే ఉండాలి, అవి పెట్టెలో మూసి ఉన్నాయి. విప్పించండి అన్నాను.

లింగయ్య గారు తల అడ్డంగా ఊపారు. "గా కట్టలు కోదాడ దావీదు మేస్త్రీ కట్టిండు మేడం. ఒకరు కట్టింది ఆయన లేకుండ ఇంకొకరు విప్పరు గీడ. విప్పినమంటే ఆయన పనికి వంక పెట్టినట్టే."

ఫోన్ చేద్దామంటే మేస్త్రీ ఫోన్ రెండు రోజులుగా పలకడం లేదట. నాకు ఒళ్లు మండింది. మా దగ్గరైతే ఈపాటికి పానా పట్టుకుని నలుగురు నలువైపులా ఎక్కేసి ఉండేవాళ్లు. యజమానికి చెబుతానని బెదిరించి చూశాను. చెప్పమన్నారు లింగయ్య గారు, యజమాని కూడా ఇదే అంటారన్నారు. సాయంత్రం యజమాని నిజంగానే అదే అన్నారు. శుక్రవారం గడువు మాత్రం మారదట.

బుధవారం, కోదాడ

పొద్దున్నే బస్సెక్కి కోదాడలో దిగాను. సూర్యాపేట నుంచి గంట ప్రయాణమే గానీ, భాష అప్పుడే మా వైపుకు ఒరగడం మొదలవుతుంది. ఇడ్లీ కొట్టు ఆయన ఒకే వాక్యంలో "ఏం కావాలండీ" అని మొదలుపెట్టి "జర ఆగుండ్రి" అని ముగించాడు.

హైవే పక్కన లారీలకు కమాను కట్టలు కట్టే షాపులు వరసగా ఉన్నాయి. లారీ చక్రాల మీద బరువు మోసే ఆ వంపు పట్టీలే ఇక్కడ కమాన్లు. దావీదు మేస్త్రీ షాపు అంటే నలుగురు చేతులు చూపించారు. షాపు మూసి ఉంది. వెనకే ఇల్లు. ఆయన భార్య సుగుణమ్మ గారు గుమ్మంలో బియ్యం చెరుగుతోంది. మేస్త్రీ మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు లారీల పనికి వెళ్లారట, సాయంత్రానికి వచ్చేస్తారట. ఫోన్ సంగతి అడిగితే లోపలికి వెళ్లి బియ్యం డబ్బా తెచ్చి మూత తీసింది. పట్టీలు చల్లార్చే నీళ్ల తొట్టిలో పడిందట, ఆరుతుందని బియ్యంలో పాతిపెట్టారు.

సాయంత్రం మేస్త్రీకి బదులు ఒక లారీ డ్రైవరు కబురు తెచ్చాడు, పని తెమల్లేదు, రేపు కూడా అక్కడే అని. నేను లాడ్జి ఎక్కడుందని అడిగాను. సుగుణమ్మ గారు చీపురు పక్కన పెట్టి నా బ్యాగు తీసుకుని లోపలికి నడిచింది. "మేస్త్రీ కోసం వచ్చినోళ్లు లాడ్జిలో పడుకుంటే మాకు మర్యాద కాదండీ" అంది, అంతే.

ఆ రాత్రి భోజనం జొన్నరొట్టె, ఎండుచేపల కూర, పచ్చిపులుసు. మా ఇళ్లలో చారు కాగి కాగి పొంగితే గానీ చారు కాదు. ఈ పచ్చిపులుసు పొయ్యి మొహమే చూడదు. చింతపండు పిసికి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి నలిపి, చిటికెడు బెల్లం వేస్తే అయిపోయింది. మూడుసార్లు పోయించుకున్నాను. సుగుణమ్మ గారు నాకు వడ్డిస్తూ ఆ సూర్యాపేట పని గురించే చెప్పింది. "మా ఆయన చర్చిలో నిలబడి మరీ చెప్పాడండీ. ఇన్నాళ్లూ ఇనుము మోసే బండ్లకు కట్టాను, ఇప్పుడు ఇనుము పుట్టే చోట కట్టాను అని."

ఆయనను నాలుగు దులుపుదామని మనసులో మాటలు పేర్చుకుంటూ వచ్చినదాన్ని. ఆ కట్టల వల్ల రెండుసార్లు ఉక్కు తన్నుకొచ్చిందని ఆమెకు చెప్పలేకపోయాను.

గురువారం, హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ

బస్సు ఎప్పుడొస్తుందో తెలియక షేర్ ఆటో ఎక్కాను. ముగ్గురు కూర్చునే చోట ఆరుగురం, ఒక మేకపిల్ల. హుజూర్‌నగర్‌లో దిగి డబ్బులిచ్చి, మిర్యాలగూడ బస్సు కదులుతుంటే పరిగెత్తి ఎక్కాను. ఊపిరి తీసుకుని ఒళ్లో చూసుకుంటే బ్యాగు ఉంది, డయల్ గేజి పెట్టె లేదు. ఆటోలో మేకపిల్ల పక్కనే ఉండిపోయింది. అది ఆఫీసుది. రేపు మూస నిలువుగా ఆడుతుందో లేదో కొలిచే సాధనం నా దగ్గర అదొక్కటే. బస్సులో కూర్చుని, ఎవరూ చూడకుండా కాసేపు ఏడ్చాను కూడా.

మిర్యాలగూడ వస్తోందని కళ్లకంటే ముందు ముక్కుకు తెలుస్తుంది. ఉడికిన వడ్ల వాసన ఊరి బయటే ఎదురొస్తుంది. ఎటు చూసినా మిల్లుల పొగగొట్టాలు, లారీలు, గాలిలో తేలే ఊక. పది నిమిషాల్లో నా జుట్టు తెల్లబడింది. దావీదు మేస్త్రీ పని చేస్తున్న మిల్లు దొరికింది గానీ, ఆయన దొరకలేదు. వాడపల్లి దగ్గర సిమెంటు లారీ ఒకటి కమాను విరిగి నిలబడిపోతే వెళ్లారట, మధ్యాహ్నానికి వస్తారట. ఈ మనిషి నాకు ఈ జన్మలో దొరుకుతాడా అనిపించింది.

మిల్లు ఫిట్టరు సైదులు నా అవస్థ చూసి లోపల నీడలో కూర్చోమన్నాడు. నలభై ఏళ్లుంటాయి, చెవి వెనక పెన్సిల్. ఎదురుగా వడ్లు జల్లించే పెద్ద జల్లెడ ఆడుతోంది. మంచమంత ఉంది, ముందుకూ వెనక్కూ దడదడ కొట్టుకుంటోంది, పక్కకు మాత్రం ఇసుమంత కదలడం లేదు. దాని కాళ్ల వైపు చూశాను. చక్రాలు లేవు. నాలుగు మూలలా నాలుగు కట్టలు, ఒక్కో కట్టలో మూడేసి చదునైన చెక్క పట్టీలు, పైనా కిందా గట్టిగా బిగించి ఉన్నాయి. లేచి నిలబడ్డాను. ఇరవై రెండేళ్లకు నాకు వచ్చిన ఒకే ఒక్క సొంత ఆలోచన ఇక్కడ నేను పుట్టకముందు నుంచీ వడ్లు జల్లిస్తోంది. కాసేపు మనసు చివుక్కుమంది, ఆ వెంటనే ధైర్యం వచ్చింది. ఇన్నేళ్లు ఇక్కడ ఆడినది అక్కడ మాత్రం ఎందుకు ఆడదు?

పక్కకు పోకుండా ఆడుతోందని ఎలా తెలుసుకుంటారని సైదులును అడిగాను. గేజి పోయిన దుఃఖం కూడా చెప్పుకున్నాను. అతను నవ్వి, అగ్గిపెట్టె అట్ట చింపి జల్లెడకు అంటించాడు. పెన్సిల్‌ను కదలని స్తంభానికి కట్టి మొనను అట్టకు ఆనించాడు. జల్లెడ పది ఊపులు ఊగాక అట్ట తీసి నా చేతిలో పెట్టాడు. సన్నటి గీత ఒక్కటే ఉంది.

"గీత రావాలె మేడం. పక్కకు పోయిందనుకో, వడ్లగింజ లెక్క వస్తది. గీత వస్తె బేఫికర్."

మధ్యాహ్నం దాటాక దావీదు మేస్త్రీ వచ్చారు. పొట్టి మనిషి, తెల్ల మీసాలు, చేతిలో వాడపల్లి దగ్గర కృష్ణా నదిలో పట్టిన చేపలు. నేనెవరో తెలియగానే ఆయన ముఖం వెలిగిపోయింది. తన కట్టలు చూడటానికి విశాఖ నుంచి మనిషి వచ్చిందనుకున్నారు. విషయం చెప్పాను. ఆయన చేపలు పక్కన పెట్టి కూర్చున్నారు. ఎలా కట్టారో వేళ్లతో చూపిస్తూ చెప్పారు. పట్టీ మీద పట్టీ పేర్చాను, ఒక్కోదాని మధ్యా మంచి గ్రీజు రాశాను, నా చేతి డబ్బుతో కొన్న గ్రీజు, అన్నారు.

నాకు అర్థమైపోయింది. అయినా నోటితో చెప్పబుద్ధి కాలేదు. జల్లెడ వైపు చూపించి, ఈ చెక్క పట్టీల మధ్య గ్రీజు ఎందుకు పెట్టలేదని అడిగాను.

"దీనికి గ్రీజు పెడితె ఎట్లమ్మా, జారదా? లారీ కమాను వేరు, అండ్ల పట్టీలు ఒకదాని మీద ఒకటి జారాలె. దీనికి జారితె జల్లెడ పక్కకు..."

ఆయన లేచారు. జల్లెడ ఆడుతూనే ఉంది. దాని దగ్గరికి వెళ్లి చెక్క పట్టీల అంచును బొటనవేలితో రాసి చూసుకున్నారు. తిరిగి వచ్చి నా డ్రాయింగు అడిగి తీసుకుని, నేల మీద పరిచి, కళ్లజోడు పెట్టుకుని మూల మూలా వెతికారు.

"గ్రీజు వద్దని ఇండ్ల యాడ రాసిన్రు మేడం?"

నేనూ వంగి వెతికాను. బోల్టు ఎంత బిగించాలో రాశాను, పట్టీ ఎంత మందమో రాశాను, రంగు ఏమిటో కూడా రాశాను. గ్రీజు మాట ఎక్కడా లేదు. ఆ మాత్రం ఎవరికి తెలియదనుకున్నాను. ముప్పై ఏళ్లుగా పట్టీల మధ్య గ్రీజు పెట్టడమే మంచి పని అని తెలిసిన మనిషి చేతిలో పడుతుందని ఊహించలేదు. రాయలేదు, తప్పు నాది, అన్నాను. జీవితంలో ఆ మాట అంత తొందరగా ఎప్పుడూ అనలేదు.

ఆయన డ్రాయింగు మడిచి నా చేతికిచ్చి, చేపలు సైదులుకిచ్చి వండించమన్నారు. పొద్దున్నే పోదామన్నారు.

శుక్రవారం, మళ్లీ సూర్యాపేట

మిల్లు బియ్యం లారీలోనే బయల్దేరాం. కిరాయి తీసుకోలేదు. మేస్త్రీ కట్టిన కమాన్ల మీద మేస్త్రీనే మోసుకెళుతున్నానని డ్రైవరు దారంతా మమ్మల్ని ఆటపట్టించాడు. మేస్త్రీ మాత్రం నవ్వలేదు.

ఫ్యాక్టరీలో లింగయ్య గారు గేటు దగ్గరే ఎదురుచూస్తున్నారు. పెట్టె మూత తీశారు. దావీదు మేస్త్రీ కట్ట మీద చెయ్యి వేసి, "విప్పుండ్రి" అన్నారు. ఆ మాటతో నలుగురూ కదిలారు. మంగళవారం నన్ను మండించిన ఆ పద్ధతి అప్పుడు నచ్చింది. ఆయన లేకుండా నేనే విప్పి తుడిచేసి ఉంటే నా పని పూర్తయ్యేది, ఆయన మాత్రం తర్వాతి కట్టకు ఇంకా మంచి గ్రీజు కొని రాసేవారు.

లోపల గ్రీజు నెయ్యిలా మెరుస్తోంది. ఆడినకొద్దీ పట్టీలు ఒకదాని మీద ఒకటి జరిగి చివర్లు ఎగుడుదిగుడయ్యాయి. గాస్‌నూనెతో, అంటే మా కిరసనాయిలుతో, కడిగారు, గుడ్డతో తుడిచారు, మళ్లీ కడిగారు. చివరి పట్టీని మేస్త్రీ తన చొక్కా అంచుతో తుడిచారు. పొడిగా పేర్చి, ఒకరు పట్టుకోగా ఒకరు బిగించారు.

ఇక కొలవాలి. గేజి లేదని లింగయ్య గారికి చెప్పి, అగ్గిపెట్టె అట్ట చేతికిచ్చాను. ఆయన నన్నూ అట్టనూ మార్చి మార్చి చూసి, పెన్సిల్ కట్టించారు. మూస ఆడింది. పది నిమిషాలప్పుడు ఒక అట్ట, అరగంటప్పుడు ఇంకొకటి, గంట అయ్యాక మూడోది. మూడో అట్ట నేనే తీశాను. ఫోన్ కెమెరాలో పెద్దది చేసి చూశాను. గీతే. మేస్త్రీ చూశారు, లింగయ్య గారు చూశారు. అట్టను ఆయన జేబులో పెట్టుకుని, పోతకు తయారుకమ్మని కేక వేశారు.

మధ్యాహ్నం మూడింటికి ఉక్కు పోశారు. యజమాని కూడా వచ్చి దూరంగా నిలబడ్డారు. నేనూ మేస్త్రీ రేలింగు పట్టుకుని పక్కపక్కన ఉన్నాం. మొదటి ఎర్రటి దిమ్మె మూస కిందినుంచి ముక్కు బయటపెట్టింది. మునుపు తన్నుకొచ్చినప్పుడు రెండుసార్లూ అరగంట దాటాకే జరిగింది. అరగంట అయింది. మేస్త్రీ పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన కావచ్చు. ముప్పావుగంట. దిమ్మె దిగుతూనే ఉంది, నునుపుగా, మచ్చ లేకుండా, కోసిన ముక్కలు వరసగా పక్కకు దొర్లుతున్నాయి. మూస నిలువుగా ఆడుతోంది. కరిగిన ఉక్కు తెచ్చిన పాత్ర అడుగు దాకా, చివరి చుక్క దాకా పోశారు.

లింగయ్య గారు తువ్వాలు తీసి ముఖం తుడుచుకుని మా దగ్గరకొచ్చారు. నాతో కాదు, మేస్త్రీతో అన్నారు, "నీ కట్ట నిలబడ్డది దావీదు." మేస్త్రీ నా వైపు తిరిగి రెండు చేతులూ జోడించబోయారు. నేను ఆ చేతులు పట్టుకున్నాను. ఇద్దరం అందరి ముందూ ఏడ్చాం, సిగ్గేమీ పడలేదు. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో నాకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

యజమాని వచ్చి పట్టీలు ఉండనియ్యమన్నారు. రెండో మూసకు కూడా ఇవే కావాలన్నారు. అందరికీ మిర్చిబజ్జీలు తెప్పించారు. ఈసారి నాకు కారమే తెలియలేదు.

ఇంటికి వచ్చాక

గేజి పోయినందుకు ఆఫీసులో అక్షింతలు పడ్డాయి, తలొంచుకుని వేయించుకున్నాను. రెండో మూస డ్రాయింగు మొదలుపెట్టినప్పుడు అందులో రెండు చోట్ల తెలుగులో రాశాను. మొదటిది పట్టీల పక్కన పెద్ద అక్షరాలతో, "మధ్యలో గ్రీజు పెట్టకూడదు" అని. రెండోది కింద, గీసినవారి పేరు రాసే గడి పక్కన నేనే గీసిన కొత్త గడి. దాని మీద "కట్టినవారు" అని ఉంటుంది. ఇలాంటి గడి ఏ డ్రాయింగులోనూ చూడలేదని మా బాసు అన్నారు. సూర్యాపేట వెళ్తే తెలుస్తుందన్నాను.

రెండో మూసకు కట్టలు బిగించాక దావీదు మేస్త్రీ ఆ గడిలో సంతకం చేసి, బియ్యంలో ఆరి బాగుపడిన ఫోన్‌తోనే ఫోటో తీసి పంపారు. మొన్న ఆ పట్టీలకు ఏడాది తనిఖీ వచ్చింది. మా ఆఫీసు నుంచి కుర్రాళ్లను పంపి విప్పి చూద్దామన్నారు బాసు. కుదరదని చెప్పి, కోదాడకు ఫోన్ చేశాను. ఆయన లేకుండా నేను విప్పను.